పొలంలో గాలిమర, డిస్కమ్‌కు కరెంటు: హైదరాబాద్ చుట్టుపక్కల రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

పరిగి వైపు వెళ్లేటప్పుడు గుట్టల మీద తిరుగుతున్న పెద్ద గాలిమరలను చూసిన రైతుకు, తన మెట్టచేనులోనూ చిన్నది ఒకటి నిలబెట్టి, వచ్చిన కరెంటును డిస్కమ్‌కు, అంటే ఊళ్లకు కరెంటు పంపిణీ చేసే సంస్థకు, అమ్ముకుంటే బాగుంటుందన్న ఆలోచన రావడం సహజం. నేనూ ఆ ఆలోచనతోనే ఈ పనిలోకి దిగాను. హైదరాబాద్‌లో ఉంటూ వికారాబాద్ జిల్లాలోని సొంత చేను చూసుకునే నన్ను తోటి రైతులు కొన్నేళ్లుగా అడుగుతున్న ప్రశ్నలకు, పని చేసి తెలుసుకున్నవీ కాగితాలు చదివి తెలుసుకున్నవీ కలిపి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ముందు గాలిని కొలవాలి, తర్వాత కొనుగోలు ఒప్పందం చూసుకోవాలి, యంత్రం అన్నిటికన్నా చివర కొనాలి. ఈ వరుస తప్పినవారే ఎక్కువగా నష్టపోవడం నేను చూశాను.

మా చేనులో గాలి బాగా వీస్తుంది. గాలిమరకు అది సరిపోతుందా?

ఒంటికి తగిలే గాలిని బట్టి ఈ సంగతి తేల్చలేము. గాలిలోని శక్తి దాని వేగపు ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. 10 మీటర్ల వ్యాసం ఉన్న రెక్కల చక్రాన్నే తీసుకుందాం. అది ఊడ్చే వైశాల్యం సుమారు 78 చదరపు మీటర్లు. మన పీఠభూమి ఎత్తులో, మన ఎండల్లో గాలి సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 1.1 కిలోలు ఉంటుంది. యంత్రం ఆ గాలిలోని శక్తిలో 30 శాతాన్ని కరెంటుగా మార్చగలిగితే, సెకనుకు 4 మీటర్ల గాలికి వచ్చేది 0.8 కిలోవాట్లు మాత్రమే. 6 మీటర్లకు 2.8 కిలోవాట్లు, 8 మీటర్లకు 6.6 కిలోవాట్లు వస్తాయి. చేను అదే, యంత్రం అదే అయినా, 4కూ 6కూ మధ్యనున్న ఆ చిన్న తేడాలోనే అప్పు తీరడమూ తీరకపోవడమూ ఉన్నాయి. ఎవరు ఎంత మంచి యంత్రం చేసినా గాలిలోని శక్తిలో 59.3 శాతానికి మించి తీసుకోలేరన్నది బెట్జ్ సూత్రం. అంతకు మించి ఇస్తామనే అమ్మకందారు మాట వినవలసిన అవసరం లేదు.

హైదరాబాద్ పరిసరాలు దేశంలో గాలి బలంగా ఉండే ప్రాంతాల్లోకి రావు. తెలంగాణలో నెలకొల్పిన పవన విద్యుత్తు సామర్థ్యం సుమారు 128 మెగావాట్లు, అందులో 100 మెగావాట్లకు పైగా పరిగి ప్రాంతంలోనే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం, కర్నూలు వైపు మెట్టల పుణ్యమా అని అది 4,000 మెగావాట్లు దాటింది. అయితే మన దగ్గర అసలు గాలే లేదని దీని అర్థం కాదు. గుట్ట మీద చేను ఉన్నవాడికీ పల్లంలో చేను ఉన్నవాడికీ లెక్క పూర్తిగా వేరుగా ఉంటుందని అర్థం చేసుకోవాలి.

గాలిని ఎలా కొలవాలి, ఎంత కాలం కొలవాలి?

చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థ దేశానికంతటికీ గాలి పటాలు తయారు చేసింది. మీ మండలం ఆ పటంలో ఏ రంగులో ఉందో ముందుగా చూడండి, అక్కడే నిరాశ కలిగితే ఖర్చు తప్పినట్టే. అయితే ఆ పటాలు 100, 120, 150 మీటర్ల ఎత్తులోని గాలిని చెబుతాయి, మన చిన్న గాలిమర నిలబడేది 20, 30 మీటర్ల దగ్గర. అందుకని సొంతంగా కొలవక తప్పదు, అదీ కనీసం పన్నెండు నెలలపాటు కొలవాలి.

నేను జీఐ పైపులు అతికించి, నాలుగు వైపులా తీగలు లాగి కట్టి, 20 మీటర్ల స్తంభం నిలబెట్టాను. దాని కొసన మూడు గిన్నెల గాలి కొలమానం, కింద ఒక పెట్టెలో పది నిమిషాలకొకసారి సగటు వేగాన్ని నమోదు చేసే లాగర్ ఉంటాయి. ఆషాఢంలో సాయంత్రంపూట ఆ గిన్నెలు విడివిడిగా కంటికి ఆనేవి కావు, ఒక బూడిదరంగు వలయంలా కనిపించేవి. అదే గంటలో చేను గట్టున నిలబడితే కంది ఆకు మెల్లగా ఊగుతూ ఉండేది. దీపావళి వెళ్లాక గంటల తరబడి ఆ గిన్నెలు కదలక, వాటి అంచున పిచ్చుకలు వాలడం చూశాను. మృగశిర కార్తె నుంచి ఉత్తర కార్తె దాకా, అంటే జూన్ నుంచి సెప్టెంబర్ దాకా, నైరుతి గాలులే మనకు పంట. ఏడాది కరెంటులో పెద్ద వాటా ఆ నాలుగు నెలల్లోనే వస్తుంది. జూలైలో రెండు వారాలు కొలిచి ఏడాదికి హెచ్చవేసి చూపించే నివేదికలను నేను ఒకటికి రెండు చూశాను, అలాంటివి నమ్మవద్దు.

ఎత్తు గురించి ఒక మాట. బయలు నేల మీద 10 మీటర్ల ఎత్తు నుంచి 30 మీటర్లకు పోతే వేగం సుమారు 17 శాతం, శక్తి సుమారు 60 శాతం పెరుగుతాయి. డబ్బు తక్కువైతే యంత్రాన్ని చిన్నది చేసుకోవచ్చు గానీ, స్తంభాన్ని పొట్టిది చేయకూడదు.

చిన్న గాలిమర అని దేన్ని అంటారు?

అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం రెక్కలు ఊడ్చే వైశాల్యం 200 చదరపు మీటర్ల లోపు ఉన్నవి, అంటే సుమారు 16 మీటర్ల వ్యాసం దాకా ఉన్నవి చిన్న గాలిమరలు. మన దేశంలో వాడుకగా 100 కిలోవాట్ల దాకా చిన్నవిగానే లెక్కపెడతారు. పరిగి గుట్టల మీద కనిపించేవి ఒక్కొక్కటీ మెగావాట్ల స్థాయివి, వాటి అర్థశాస్త్రం వేరు.

హైదరాబాద్‌లో మా అపార్టుమెంటు పైన పెట్టుకోవచ్చా?

పెట్టుకోకపోవడమే మంచిది. ట్యాంకులు, పిట్టగోడలు, పక్క భవనాల వల్ల అక్కడి గాలి సుడులు తిరుగుతుంది, అదురు స్లాబుకు చేరుతుంది. ఆ డబ్బుతో సౌర పలకలు పెట్టుకోండి.

నిలువు ఇరుసు గాలిమర ఏ దిక్కు గాలికైనా తిరుగుతుందని, చౌక అని చెబుతున్నారు. కొనవచ్చా?

నేను కొన్నాను కాబట్టి అనుభవంతో చెబుతున్నాను. మొదట్లో గాలిని కొలవకముందే, ఒక అమ్మకందారు మాట మీద 3 కిలోవాట్ల నిలువు ఇరుసు యంత్రాన్ని తెచ్చి పెట్టాను. చిన్న గాలికీ అది అందంగా తిరిగేది, చూడవచ్చినవారంతా మెచ్చుకున్నారు, మీటరు మాత్రం కదలలేదు. రెక్కలు తిరగడం, కరెంటు పుట్టడం ఒకటి కాదని అప్పుడు తెలిసింది. బిల్లు మీద రాసిన 3 కిలోవాట్లు సెకనుకు 12 మీటర్ల గాలికి లెక్కగట్టినవి, ఆ గాలి మా చేనులో ఏడాదికి కొన్ని గంటలే ఉంటుంది. కాబట్టి ఏ యంత్రాన్నైనా కొనేముందు దాని వేగం వారీ ఉత్పత్తి పట్టిక అడగండి, స్వతంత్ర పరీక్ష జరిగిందని కాగితం చూపించమనండి, జాతీయ పవన శక్తి సంస్థ జాబితాలో ఆ మోడల్ ఉందో లేదో సరిచూసుకోండి. ఆ మూడూ లేనివారితో బేరానికి కూర్చోవద్దు.

కరెంటు ఉత్పత్తి చేయడానికి లైసెన్సు కావాలా?

అవసరం లేదు. 2003 విద్యుత్తు చట్టం 7వ సెక్షన్ ఉత్పత్తిని లైసెన్సు నుంచి తప్పించింది. అయితే గ్రిడ్‌కు, అంటే డిస్కమ్ కరెంటు లైన్ల వ్యవస్థకు, కలపడానికి సాంకేతిక ప్రమాణాలు పాటించాలి, విద్యుత్ తనిఖీ అధికారి ఆమోదం పొందాలి.

పక్క చేను వాళ్లకు తీగ లాగి నేనే అమ్ముకోవచ్చా?

అలా చేయకూడదు. ఉత్పత్తికి లైసెన్సు లేకపోయినా పంపిణీకి ఉంది, బాట దాటించి పక్కవాడికి తీగ లాగడం పంపిణీ కిందికే వస్తుంది. బయటివారికి అమ్మాలంటే డిస్కమ్ లైన్లను వాడుకునే ఓపెన్ యాక్సెస్ పద్ధతి ఉంది. 2022లో వచ్చిన హరిత విద్యుత్తు నిబంధనలు ఇందుకు అర్హతను 100 కిలోవాట్ల లోడుకు తగ్గించాయి. ఆ లైన్లను వాడుకున్నందుకు కట్టే వీలింగ్ చార్జీలు, సర్‌చార్జీలు లెక్క వేశాక చిన్న రైతుకు మిగిలేది తక్కువగా ఉంటుంది.

నేను ఉత్పత్తి చేస్తే డిస్కమ్ కొని తీరాలా?

ఈ విషయంలో చాలామందికి పొరపాటు అభిప్రాయం ఉంది. అమెరికాలో 1978 నాటి చట్టం ప్రకారం చిన్న ఉత్పత్తిదారులు ఇచ్చే కరెంటును అక్కడి విద్యుత్ సంస్థలు కొనవలసి వచ్చింది. జర్మనీ 1991 నుంచి నిర్ణీత ధరకు కొనుగోలును తప్పనిసరి చేసింది. డెన్మార్కులో రైతులు, ఊరివాళ్లు భాగాలు వేసుకుని గాలిమరలు నిలబెట్టారు. ఈ కథలు విన్నవారు మన దగ్గరా అంతే అనుకుంటారు. మన చట్టం అలా లేదు. డిస్కమ్ తన మొత్తం కొనుగోళ్లలో నిర్ణీత శాతాన్ని పునరుత్పాదక విద్యుత్తుగా చూపాలి గానీ, ఫలానా రైతు దగ్గరే కొనాలన్న నిర్బంధం లేదు.

అయినా ఇక్కడ మనకు ఒక పట్టు దొరికింది. 2023 అక్టోబరులో కేంద్రం ప్రకటించిన లక్ష్యాల్లో పవన విద్యుత్తుకు ఒక వాటా, 10 మెగావాట్ల లోపు చిన్న ప్రాజెక్టులకు వేరే వాటా పెట్టారు. ఆ చిన్న ప్రాజెక్టుల వాటా 2024-25లో 1.5 శాతం, 2029-30 నాటికి 4.5 శాతం. అర్జీ పట్టుకుని డిస్కమ్ కార్యాలయానికి వెళ్లే రైతు ఈ అంకెలను నోటికి తెచ్చుకుని వెళ్లాలి. దక్షిణ తెలంగాణ వారికి ఆ కార్యాలయం హైదరాబాద్ మింట్ కాంపౌండ్‌లోనూ, ఉత్తర తెలంగాణ వారికి హనుమకొండలోనూ ఉంది. మనం దయ కోరడానికి పోవడం లేదు, వాళ్లు నెరవేర్చవలసిన బాధ్యతలో భాగం పంచుకుంటామని చెప్పడానికి పోతున్నాం.

యూనిట్‌కు ఎంత ధర వస్తుంది?

ధరను డిస్కమ్ గానీ మనం గానీ నిర్ణయించలేము, ఆమోదించవలసింది హైదరాబాద్‌లోని తెలంగాణ విద్యుత్ నియంత్రణ మండలి. 2017 ఫిబ్రవరిలో మొదటిసారి జాతీయ స్థాయిలో పవన విద్యుత్తుకు వేలం జరిగి ధర యూనిట్‌కు 3.46 రూపాయలకు దిగింది. అంతకుముందు 4 రూపాయలకు పైన ఉన్న నిర్ణీత ధరల కాలం దానితో ముగిసినట్టే అయింది. పీఎం కుసుమ్ పథకం కింద తెలంగాణలో రైతుల సౌర ప్లాంట్లకు ఖాయం చేసిన ధర 3.13 రూపాయలు. చిన్న గాలిమర కరెంటుకు ఇంతకన్నా చాలా ఎక్కువ వస్తుందని ఆశ పెట్టుకుని లెక్కలు వేయకండి. ధరల మీద మండలి విచారణ జరిపినప్పుడు ప్రజల అభ్యంతరాలను, సూచనలను పరిగణించాలని చట్టం చెబుతోంది. పరిశ్రమల తరఫున వకీళ్లు కూర్చునే ఆ హాలులో రైతులు కూడా కూర్చోవాలని నా గట్టి కోరిక.

అయితే ఏడాదికి ఎంత మిగులుతుంది?

10 కిలోవాట్ల గాలిమర ఏడాది పొడవునా పూర్తి సామర్థ్యంతో తిరిగితే 87,600 యూనిట్లు రావాలి. మన ప్రాంతపు గాలికి అందులో 15 శాతం వస్తుందనుకుంటే 13,140 యూనిట్లు. 3.13 రూపాయల చొప్పున అమ్మితే సుమారు 41,000 రూపాయలు వస్తాయి. అదే కరెంటును, యూనిట్‌కు 8 రూపాయలు కడుతున్న దుకాణంలోనో చిన్న శీతల గిడ్డంగిలోనో సొంతంగా వాడుకుంటే లక్షా అయిదు వేలు ఆదా అవుతుంది. అమ్మడం కన్నా వాడుకోవడం ఎప్పుడూ లాభసాటి.

కానీ రైతుకు ఇక్కడొక చిక్కుంది. బావి మోటరుకు తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటలూ ఉచిత విద్యుత్తు ఇస్తున్నారు. బిల్లే లేనిచోట ఆదా చేసేది ఏముంటుంది? మోటరు నడపడానికి గాలిమర పెట్టుకుంటే మీకు పైసా మిగలదు. బిల్లు కడుతున్న మీటరు మీ పేరున ఏదైనా ఉందా అన్నది మొదట చూసుకోవలసిన సంగతి. ఉంటే ముందు దానికి సరిపడా పెట్టుకుని, మిగిలినదాన్ని నెట్ మీటరింగ్ ద్వారా, అంటే ఇచ్చిన కరెంటును వాడుకున్న దానిలోంచి తీసి లెక్కకట్టే పద్ధతిలో, గ్రిడ్‌కు ఇవ్వడం గురించి అడగండి. కేంద్ర నిబంధనల 2021 సవరణ ప్రకారం దీనికి పరిమితి 500 కిలోవాట్లు లేదా మీ మంజూరైన లోడు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది. బిల్లు కట్టే మీటరే లేకపోతే అమ్మకమే దారి. అప్పుడు 10 కిలోవాట్లతో పని జరగదు, పదిమంది కలవాలి.

పదిమందిమి కలిసి పెట్టుకునే పథకం ఏదైనా ఉందా?

2019లో మొదలైన పీఎం కుసుమ్ పథకంలో మొదటి భాగం ఇందుకు దగ్గరగా ఉంది. 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా సామర్థ్యంతో, రైతులు, రైతు బృందాలు, సహకార సంఘాలు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు తమ బీడు భూముల్లో ప్లాంటు పెట్టి, నిర్ణీత ధరకు డిస్కమ్‌కు అమ్మవచ్చు. స్థలం సబ్‌స్టేషన్‌కు 5 కిలోమీటర్ల లోపు ఉండాలి. పథకం మాటల్లో సౌర విద్యుత్తుతో పాటు ఇతర పునరుత్పాదక విద్యుత్తు కూడా ఉంది, ఆచరణలో వచ్చినవి దాదాపు అన్నీ సౌర ప్లాంట్లే. దీన్ని కేంద్రం 2026 మార్చి 31 దాకా పొడిగించింది. ఆ తర్వాతి నిబంధనలను, రాష్ట్రం 2025లో ప్రకటించిన హరిత ఇంధన విధానం కింద ఉన్న అవకాశాలను హైదరాబాద్‌లోని రెడ్కో (రాష్ట్ర పునరుత్పాదక ఇంధన అభివృద్ధి సంస్థ) కార్యాలయంలో కనుక్కోవాలి.

నా అభిప్రాయం అడిగితే, మన ప్రాంతానికి గాలి ఒక్కటే కాకుండా సౌరంతో కలిపిన జంట ప్లాంటు తగినది. వానాకాలంలో మబ్బు పట్టి సౌర పలకల కరెంటు తగ్గిన రోజుల్లోనే గాలి బలంగా ఉంటుంది. ఒకే లైను, ఒకే ట్రాన్స్‌ఫార్మరు రెండింటికీ పనికొస్తాయి.

ఒప్పందంలో ఏయే సంగతులు చూసుకోవాలి?

కాలపరిమితి, ధర, కరెంటును అప్పగించే స్థానం, ఉమ్మడి మీటరు రీడింగ్ తేదీ, బిల్లు ఆలస్యమైతే వడ్డీ, ఈ అయిదూ స్పష్టంగా ఉండాలి. అప్పగించే స్థానం సబ్‌స్టేషన్ దగ్గరని రాస్తే మధ్య లైనులో పోయే నష్టం మీదే అవుతుంది. ఒప్పందాన్ని నియంత్రణ మండలి ఆమోదించాకే సామాను కొనుగోలుకు బయానా ఇవ్వండి.

సంతకమైన ఒప్పందం కూడా తిరగబడవచ్చని తెలిసి ఉండాలి. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అప్పటికే అమల్లో ఉన్న పవన, సౌర విద్యుత్తు ఒప్పందాల ధరలను తగ్గించడానికి కమిటీ వేసింది. వ్యవహారం హైకోర్టుకు వెళ్లి, తాత్కాలికంగా పవన విద్యుత్తుకు 2.43 రూపాయలు చెల్లించారు. ఒప్పందంలోని ధరే ఇవ్వాలని ధర్మాసనం తీర్పు చెప్పింది 2022 మార్చిలో. పెద్ద కంపెనీలు ఆ మూడేళ్లు తట్టుకున్నాయి. బ్యాంకు వాయిదా కట్టవలసిన రైతుకు అంత ఊపిరి ఉండదు కాబట్టి, కనీసం ఆరు నెలల వాయిదాలకు సరిపడా డబ్బు పక్కన పెట్టుకున్నాకే దిగమని నా సలహా.

మా ఊరి 11 కేవీ లైనుకే కలిపేస్తే సరిపోదా?

కలపవచ్చు, కానీ ముందు సబ్‌స్టేషన్‌కు వెళ్లి, ఆ ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి మీ ఊరికి వచ్చే లైను) ఏడాదిలో ఎన్ని గంటలు ఆగిందో లాగ్ పుస్తకంలో చూపించమని ఆపరేటరును మర్యాదగా అడగండి. లైనులో కరెంటు పోయిన మరుక్షణం మీ గాలిమర కూడా గ్రిడ్ నుంచి విడిపోవాలి. లైను మీద పని చేసే లైన్‌మన్ ప్రాణం దాని మీద ఆధారపడి ఉంటుంది, ఇందులో ఎలాంటి సర్దుబాటూ కుదరదు. గాలి బలంగా వీచే రోజునే కొమ్మలు విరిగి తీగల మీద పడి ఫీడరు ఆగుతుంది. అంటే ఎక్కువ కరెంటు పుట్టవలసిన గంటల్లోనే గాలిమర కట్టేసి ఉంటుంది. ఆ లాగ్ పుస్తకంలో జూన్, జూలై పుటలు చదవని లెక్క ఏదీ నిలబడదు. వీలైతే సబ్‌స్టేషన్ దాకా సొంత లైను వేసుకోవడం మేలు, దాని ఖర్చు మీదే కాబట్టి దూరం కీలకమవుతుంది.

భూమి విషయంలో ఏం చేయాలి?

గాలిమర పునాదికి పట్టే చోటు కొన్ని గజాలే, చుట్టూ సాగు చేసుకోవచ్చు. ఆ చోటును వ్యవసాయేతర వినియోగానికి మార్చుకోవడం గురించి తహసీల్దారు కార్యాలయంలో అడగండి. సాగులో లేని భూమికి రైతు భరోసా రాదు కాబట్టి అవసరమైన విస్తీర్ణానికి మించి మార్చుకోవద్దు. కంపెనీకి కౌలుకిచ్చేవారు ఒప్పందాన్ని తెలుగులో రాయించుకుని, కాలం తీరాక పునాది తవ్వి తీసేసే బాధ్యత ఎవరిదో అందులో ఉండేలా చూసుకోవాలి.

కేంద్రం 2016లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోడ్లకు, భవనాలకు ఉండవలసిన దూరం స్తంభం ఎత్తుకు రెక్కల చక్రపు వ్యాసంలో సగం, ఇంకో 5 మీటర్లు కలిపినంత. ఇళ్లకు 500 మీటర్ల దూరం పాటించాలి. అవి పెద్ద యంత్రాల కోసం రాసినవే అయినా, రాత్రిపూట చప్పుడు పడుకున్నవాళ్లకు తెలుస్తుంది కాబట్టి మనమూ ఆ స్ఫూర్తిని పాటించాలి. శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ విమానాశ్రయాల పరిధిలో ఎత్తైన కట్టడానికి అనుమతి వేరుగా తీసుకోవాలి.

అప్పు, పన్నుల సంగతి ఏమిటి?

పునరుత్పాదక విద్యుత్తు ప్రాజెక్టులు బ్యాంకుల ప్రాధాన్య రంగంలో ఉన్నాయి. 2024 ఆగస్టులో కుసుమ్ మొదటి భాగాన్ని వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధితో కలిపారు. ఆ నిధి కింద 2 కోట్ల రూపాయల దాకా అప్పుపై ఏడేళ్లపాటు వడ్డీలో 3 శాతం రాయితీ ఉంది. గాలిమరల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. కరెంటు అమ్మకం మీద వచ్చేది వ్యవసాయ ఆదాయం కాదు, పన్ను లెక్కలో దాన్ని వేరుగా చూపాలి.

యంత్రం పాడైతే ఎవరు బాగు చేస్తారు?

కొనేముందే అడగవలసిన ప్రశ్న ఇది, చాలామంది పాడయ్యాక అడుగుతారు. వంచి కిందికి దించగలిగే స్తంభమైతే మరమ్మతు నేల మీదే జరుగుతుంది, లేకపోతే ప్రతిసారీ క్రేన్ రావాలి, క్రేన్‌కు చేనులోకి బాట ఉండాలి. ప్రతి ఏటా రోహిణి కార్తెలో, గాలులు మొదలుకాకముందే, బోల్టులు బిగించి, బేరింగులకు గ్రీజు పెట్టి, లాగి కట్టిన తీగల బిగువు, ఎర్తింగు గుంట సరిచూసుకోవాలి. మెట్ట మీది స్తంభాన్ని పిడుగు వెతుక్కుంటూ వస్తుంది. మా స్తంభానికి రెండో ఏడు ఒక తీగ సడలడం నేను గమనించలేదు. రాత్రి గాలికి పైపు వంగి, తెల్లవారి చూస్తే గిన్నెలు కందిచాళ్లలో పడి ఉన్నాయి. గాలిమర కాకుండా కొలిచే స్తంభమే కాబట్టి నష్టం వేలల్లో తీరింది. ఇప్పుడు మా జీతగాడు ప్రతి శుక్రవారం ఆ నాలుగు తీగలనూ చేత్తో లాగి చూసి, గోడ మీద బొగ్గుతో గీత పెడతాడు.